మంచం దిగినంక అడుగుతనన్న టీచరమ్మ

మిషన్ స్కూల్ పెద్ద టీచరమ్మ పోయిందని మొన్న పొద్దున పసుపు మార్కెట్‌లో హమాలీలు చెప్పుకుంటుంటే విన్నాను. అక్కడ రైతుల పసుపును కమీషన్ మీద అమ్మిపెట్టే ఒక అడ్తి దుకాణంలో రోజువారీ లెక్కలు రాస్తాను నేను. వార్తను వెంటనే నమ్మలేదు. ఆమె విషయంలో నేను ఏదీ వెంటనే నమ్మలేదు.

పగలు ఆమె పిల్లలకు పాఠాలు చెప్పేది. సాయంత్రం అదే ఆవరణలో, ఊళ్లు తిరిగి సువార్త చెప్పబోయే ఆడవాళ్లకు శిక్షణ ఇచ్చేది. నా బిడ్డ అక్కడే చదివింది. డిగ్రీ కాగానే ఆ శిక్షణలో చేరతానంది. మాది గుడికి పోయే ఇల్లు. బిడ్డ ఇక మాది కాకుండా పోతుందని భయపడి నేరుగా స్కూలుకు వెళ్లాను.

"టీచరమ్మా, నా బిడ్డను గుంజుకపోదామని సూస్తున్నరా?"

"నేనే వాపస్ పంపిన తమ్మీ. నువ్వు నీ నోటితోని సరే అంటెనే రమ్మన్న."

వద్దంటే ఆశ పెరుగుతుంది కదా, ఇదీ ఒక ఎత్తేనని మొహం మీదే అన్నాను. ఆమె నవ్వింది. "గంత షక్ ఉంటే గా ఎనక బెంచీల కూసో. మేం ఏం నేర్పుతమో సూడు."

కూర్చున్నాను. ఆ రోజు పాఠం, ఒకరి ఇంటికి ఎలా వెళ్లాలన్నది. ఒకామె రోగిలా పడుకుంది. రెండో ఆమె వచ్చీ రాగానే ప్రార్థన అందుకుంది. టీచరమ్మ ఆపేసింది.

"మంచంల పడ్డోని దగ్గర దేవుని మాట తియ్యొద్దంటి గద! వద్దందామంటె వానికి సత్తువేడుంటది? ముందు జావ తాపు."

నా కోసం ఆడించిన నాటకం అనుకుంటూ ఇంటికొచ్చాను.

ఆ వానాకాలం టైఫాయిడ్‌తో దవాఖానలో పడ్డాను. ఆమె రోజూ జొన్న జావ తెచ్చేది. కళ్లు మూసుకుని, ఇప్పుడు మొదలుపెడుతుందని చెవులు రిక్కించేవాణ్ణి. వానల గురించి, పసుపు చేలల్లో దుంపకుళ్లు గురించి మాట్లాడి, గిన్నె కడుక్కుని వెళ్లిపోయేది. చివరికి నాకే ఉండబట్టలేదు.

"ఏందమ్మా, మీ పని షురూ చెయ్యరా?"

"మంచం దిగు. అప్పుడు అడుగుత."

కోలుకుని దుకాణానికి పోయిన మొదటి రోజే వచ్చింది. పసుపు దుమ్ముకు దగ్గుతూ నిలబడి అడిగింది. "ఇప్పుడు సత్తువొచ్చింది గద తమ్మీ. నీ కోసం ప్రార్థన చెయ్యాల్నా?"

"వద్దు," అన్నాను.

"మంచిది. చాయ్ అన్న తాపుతవా, గది గూడ వద్దా?"

చాయ్ తాగి పోయింది. మళ్లీ ఎన్నడూ అడగలేదు. ఆమె చేసిన పని నాకు ఇప్పటికీ సమ్మతం కాదు. కానీ వద్దన్న మాటను అంత తేలిగ్గా తీసుకున్న మనిషిని ఇంకొకరిని చూడలేదు. నా బిడ్డ ట్యూషన్లు చెప్పుకుంటూ ఎదురుచూసింది. నేను సరే అనలేదు. టీచరమ్మ చేర్చుకోలేదు.

నిన్న సమాధుల తోటకు నేనూ నా బిడ్డా వెళ్లాం. ఆమె దగ్గర శిక్షణ పొందిన ఆడవాళ్లు నందిపేట్ నుంచి, పోచంపాడ్ నుంచి వచ్చారు. శిక్షణ ఇక వాళ్లే నడుపుతారట. తెల్ల చీరల్లో గుంత చుట్టూ చేతులు పట్టుకుని పాడుతున్నారు. తనూ తెల్ల చీరలోనే వచ్చిన నా బిడ్డ గేటు దగ్గరే ఆగింది.

"లోపటికి పోవా?"

"నువ్వంటెనే, నాయినా."

ఇదీ ఆమె నేర్పించిన మాటేనేమోనని లోపల మెదిలింది.

"పో. రేపటి సంది శిక్షణకు గూడ పో."

గేటు దాటి లోపలికి వెళ్లింది. ఇద్దరు ఆడవాళ్లు పట్టుకున్న చేతులు విడదీసి, ఆమెను మధ్యలోకి తీసుకుని మళ్లీ పట్టుకున్నారు. పాట అయ్యాక అందరూ మట్టి వేయడానికి ఒక్కసారి వంగారు. వాళ్లు లేచాక, గేటు పట్టుకుని వెతికితే, నా బిడ్డ ఎక్కడుందో వెంటనే కనబడలేదు.