ఒరికసకేమీ తెలియదు

కిర్యు ఊళ్లో కార్ల షోరూంలో పనిచేసే ఒరికసకు, ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఎన్నడూ రాని కష్టం ఆ ఏడు వచ్చిపడింది. తెలియదంటే ఎవరూ నమ్మడం లేదు.

ఆ గొడవంతా ఒరోషి అనే కారు గురించి. చలికాలంలో అకగి కొండ మీంచి దిగి ఊరిని వణికించే గాలి పేరే దానికి పెట్టారు. ఎప్పుడో తయారీ ఆపేసిన ఆ స్పోర్ట్స్ కారు మళ్లీ వస్తోందని పుకారు పుట్టింది. నాలుగు వందల హార్స్‌పవర్ అని ఒకడంటే, కాదు ఆరు వందలని ఇంకొకడు. పెట్రోలుదని కొందరు, కరెంటుదని కొందరు. ఉత్తరాన మంచులో, ఎవరూ గుర్తుపట్టకుండా చారల ముసుగు కప్పుకుని తిరుగుతుంటే చూశామని ఎవరో ఫొటో కూడా పెట్టారు. అందులో మంచు బాగానే కనబడుతోంది. కంపెనీ మాత్రం ఉలకదు, పలకదు. దాని కార్లనే అమ్మి బతికే ఒరికసకు కూడా ఒక్క ముక్క చెప్పలేదు. పాపం, ఆయన కూడా ఊళ్లో వాళ్లందరిలాగే కార్ల పత్రిక కొనుక్కుని చదువుకునేవాడు. నిజానికి ఆయన అమ్మేవన్నీ పిల్లల తల్లులు కొనే, పక్కకు జారే తలుపుల బళ్లు. స్పోర్ట్స్ కారు ఒక్కటీ అమ్మిన పాపాన పోలేదు.

టోఫు కొట్టు నెగిషి వారం వారం వచ్చేవాడు. డెబ్బై దాటిన మనిషి. పాత ఒరోషి కొందామనుకున్న ఏడే కొట్టులో బాయిలరు పాడైంది. ఇంటికి కారు బదులు కొత్త బాయిలరు వచ్చింది. ఆ బాధ ఆయనకింకా పోలేదు. వేయించిన టోఫు పొట్లం బల్ల మీద పెట్టి, గొంతు తగ్గించి అడిగేవాడు.

"ఏమయ్యా, వస్తోందా?"

"మాకేమీ చెప్పలేదండీ."

"అర్థమైందిలే. నోరు విప్పొద్దన్నారు, అంతేగా? నిన్ను ఇరికించనులే."

"నిజంగా తెలియదండీ నెగిషి గారూ!" ఒరికస చేతిరుమాలుతో చెమట తుడుచుకున్నాడు.

"చెమట కూడా పడుతోంది! అయితే దగ్గర పడ్డట్టే."

మరుసటి నెల పత్రికలో ఒక వార్త వచ్చింది. కిర్యు ఉన్న ఉత్తర కాంతో ప్రాంతంలోని ఒక షోరూం ఉద్యోగిని కదిలిస్తే, ఆయన చెమట తుడుచుకుని మాట దాటేశారట. ఒరికస దాన్ని రెండుసార్లు చదివాడు. ఎవడో గాని, వీడికి ఏదో తెలుసు అనుకున్నాడు. వాడు అదృష్టవంతుడని కాస్త అసూయ కూడా పడ్డాడు.

ఆ వారం నెగిషి నవ్వుతూ వచ్చాడు. "చదివావా? ఫోన్ చేసి చెప్పింది నేనే. నీ పేరు చెప్పలేదులే, భయపడకు."

ఒరికస బిక్కచచ్చిపోయాడు.

గిరాకీ వెళ్లేటప్పుడు రోడ్డు దాకా వచ్చి, బండి కనుమరుగయ్యేదాకా వంగి నిలబడటం షోరూం పద్ధతి. అలా వంగినప్పుడల్లా ఒరికస కళ్లు నెగిషి వ్యాను వెనక భాగం మీద పడేవి. మొదట ఒక గీత. తర్వాత ఒక సొట్ట. ఆ తర్వాత లైటుకు అతికించిన టేపు. చూసీ ఏమీ అనలేక ఊరుకునేవాడు.

చివరికి నెగిషి కూతురు చిజురు వచ్చింది. కొట్టు ఇప్పుడు ఆమే నడుపుతోంది.

"ఒరికస గారూ, మీరే దిక్కు. మొన్న నాన్న బండి వెనక్కి తీస్తూ బడికెళ్లే పిల్లల మీదికి వచ్చేశాడు. నేను అరవబట్టి ఆగింది. వయసైన వాళ్లు చేసినట్టు లైసెన్సు పోలీసులకు తిరిగి ఇచ్చేయమంటే ఒరోషి ఒక్కసారి నడిపాక ఇస్తానంటాడు. అది రాదని చెప్పండి."

"వస్తుందో రాదో నాకు తెలియదమ్మా."

"మీరు తెలియదన్న ప్రతిసారీ ఆయన వస్తుందనుకుంటున్నాడండీ! రాదు అనండి. ఒక్క మాట."

ఒరికస అడకత్తెరలో పోకచెక్కయ్యాడు. కారు రాకపోతే ఆ మాట నిజమే. వస్తే అబద్ధం. తను చెప్పబోయేది నిజమో అబద్ధమో తనకే తెలియనప్పుడు, తప్పు చేస్తున్నాడో లేదో ఎలా తేలుతుంది? ఎంత ఆలోచించినా తల తిరగడం తప్ప ఏమీ తేలలేదు. ఆ పిల్లల సంగతి మాత్రం మనసులోంచి పోలేదు.

నెగిషి వచ్చి అడగ్గానే చెప్పేశాడు. "రాదండీ."

"నువ్వు ఎప్పుడూ అబద్ధమాడలేదు," అన్నాడు నెగిషి. పొట్లం బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు. ఆ వారమే పోలీసు స్టేషనుకు వెళ్లి లైసెన్సు ఇచ్చేశాడు. అది విని ఒరికసకు సంతోషించాలో ఏడవాలో తెలియలేదు.

తర్వాత నెగిషి బస్సులో వచ్చాడు. మనిషి సగమయ్యాడు. కుర్చీలో కూర్చుని పొట్లం జరిపి అన్నాడు.

"ఇప్పుడు నేను నీ గిరాకీని కానయ్యా. లైసెన్సు లేని ముసలాణ్ణి. నాతో దాచి నీకొరిగేదేమీ లేదు. నిజం చెప్పు, వస్తోందా?"

తెలియదు అనడానికే ఒరికస నోరు తెరిచాడు. ఆ ముఖం చూస్తూ ఆ మాట అనలేకపోయాడు.

"వస్తోందండీ."

ముసలాయన ముఖం వెలిగిపోయింది. ఒరికస బస్టాపు దాకా వెళ్లి, బస్సు మలుపు తిరిగేదాకా వంగి నిలబడ్డాడు. చేసింది మంచో చెడో ఆయనకు అంతుపట్టలేదు.

నెల తిరిగేసరికి పత్రికలో వచ్చేసింది. ఉత్తర కాంతో షోరూం ఉద్యోగి ఎట్టకేలకు తేల్చి చెప్పారట, ఒరోషి వస్తోందని. ఆ ఉద్యోగి ఎవరో, ఆ మాట ఎవరి ఫోన్లోంచి వెళ్లిందో ఒరికసకు బాగా తెలుసు. అయినా గుండె ఒక్కసారి ఎగిరింది. అచ్చులో చూస్తే నిజంలాగే ఉంది మరి. లేచి వెళ్లి, షోరూం మధ్యలో ఉన్న డబ్బా బండిని మెల్లగా పక్కకు జరిపి చోటు చేశాడు. ఎందుకు చేశాడని అడిగితే ఆయన చెప్పలేడు.

అప్పుడే చిజురు వచ్చింది. ఒరికస తిట్లు తినడానికి సిద్ధపడి వంగి నిలబడ్డాడు.

"చాలా బాగుందండీ మీ సాయం! రాదని చెప్పమంటే వస్తోందని చెప్పారు. నాన్న పత్రిక చింపి గోడకు అంటించుకున్నాడు."

"మళ్లీ నడుపుతానంటున్నారా?" అడిగాడు ఒరికస.

"ఆయన నడపడట. రెండు సీట్లుంటాయి కదా, పక్కన కూర్చుంటాడట. నడపాల్సింది నేను. నా లైసెన్సేమో గేర్లు లేని బళ్లకే. అందుకని సోమవారం నుంచి గేర్ల బండి నేర్చుకోమని డ్రైవింగ్ స్కూల్లో చేర్పించాడు. టోఫు చేసుకునేదాన్ని, నాకెందుకండీ ఈ ఖర్మ? లేని కారు కోసం!"

ఇంత అరిచినామె ఉన్నట్టుండి ఆగి, షోరూం మధ్యలోని ఖాళీ చోటు వైపు చూసింది. గొంతు తగ్గించింది.

"అసలు వస్తోందాండీ?"

"నిజంగా మాకేమీ చెప్పలేదమ్మా," అంటూ ఒరికస జేబులోంచి రుమాలు తీశాడు.

చిజురు ఆ రుమాలును చూసింది. ఖాళీ చోటును మళ్లీ చూసింది. అచ్చం వాళ్ల నాన్నలాగే నవ్వింది.

"అర్థమైంది లెండి. మిమ్మల్ని ఇరికించను."