రూతమ్మ వదినె బల్లకు రాని నెలలు

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు. కట్టంగూర్ దగ్గర మా ఊరి చర్చిల నేను బైబిల్ ఉమెన్ పని చేస్తున్న. బైబిల్ ఉమెన్ అంటే ఇల్లిల్లు తిరిగి ఆడోళ్లకు వాక్యం చదివి చెప్పేది, రోగమొచ్చినోళ్ల కాడ కూసొని ప్రార్థన చేసేది. నేను చదివింది ఐదో తరగతే. గింత రాసుడు ఇదే మొదలు. తప్పులుంటే ఏమనుకోకుండ్రి.

మా కాడ నెలకొక్క ఆదివారం కమ్యూనియన్ ఉంటది. ప్రభువు బల్ల అంటం. ఇంత రొట్టె ముక్క, గుక్కెడు ద్రాక్షరసం. నెలసరిల ఉన్న ఆడోళ్లు బల్ల కాడికి పోరు, ఎనక గోడకు కూసుంటరు. పోవద్దని ఎవ్వరు చెప్పలే. మా అవ్వలు పోలే, మేము పోలే. గా వయసు దాటినామె గూడ ఎనక కూసుంటే మాత్రం ఊరంతా ఒక్కటే అనుకుంటది, లోపట ఏదో పాపం పెట్టుకున్నదని.

రూతమ్మ నాకు వదినె వరుస. పెనిమిటి పోయిండు. పట్నంల బిల్డింగు కూలికి పోయి వచ్చింది. నెలసరి ఆగిపోయి ఏండ్లయింది. గామె నెల నెల గోడకే కూసునుడు మొదలు పెట్టింది.

"పట్నంల ఏం జేసొచ్చిందో" అని ఆడోళ్లే గుసగుస పెట్టిన్రు. అయ్యగారు, అంటే మా పాస్టరు, మంచోడే. "లోపట దాసుకున్నది ఉంటే ఒప్పుకొని రండి" అని బల్ల ముంగట అన్నడు. అందరు ఎనకకు మర్లి ఆమెనే చూసిన్రు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది.

నేను వదినె ఇంటికి పోయిన.

"ఏమైంది వదినా, నిజం చెప్పు."

"కడుపునొప్పే. అయ్యగారు ప్రార్థన చేస్తున్నడు గద."

"కడుపునొప్పికి బల్ల ఎందుకు ఇడుస్తవు?"

ఆమె లేసి తలుపు దగ్గరికేసింది. "నెత్తురు ఆగుతలేదే. ఆర్నెల్లాయె. గట్ల పోయి బల్ల ఎట్ల ముట్టాలె? అయ్యగారు మొగమనిషి, ఆయనకేమని చెప్పాలె?"

తెల్లారి నల్లగొండ దవాఖానకు తోలుకపోయిన. స్కానింగ్ తీసిన్రు, ముక్క తీసి పరీక్షకు పంపిన్రు. రిపోర్టు వచ్చినంక గర్భసంచి క్యాన్సర్ అన్నది డాక్టరమ్మ. ముదిరిందట.

"ఇన్ని దినాలు ఏం జేసిన్రమ్మా?"

"ప్రార్థన చేయించుకున్న."

"దేనికని?"

"కడుపునొప్పని" అన్నది వదినె.

వదినె మంచం పట్టింది. ఒక్కటే కోరిక. "ఒక్కపారి బల్ల తీసుకొని పోవాలె. లేకుంటే పాపం జేసిన దానిలెక్కనే పాతిపెడ్తరు."

"అయ్యగారిని ఇంటికి తోలుకొస్త."

"గుట్టుగ వద్దే. నలుగురి ముంగట కావాలె, నా రోగమేందో అందరికి తెల్వాలె."

అయ్యగారికి చెప్పిన. పాపం, ఆయన తల దించుకున్నడు. "నేనెట్ల చెప్పాలె సంఘానికి? నువ్వే చెప్పు" అన్నడు.

సంఘపెద్ద పక్కనే ఉన్నడు. "ఆడమనిషి మైకు పట్టుడు మన కాడ ఉన్నదా? గీ ముచ్చట్లా గుడిల! ఇయ్యాల మైకంటరు, రేపు ఈమె ప్రసంగం జేస్తది, అయ్యగారు ఇంట్ల కూర వండుతడు."

"పెద్దయ్యా, మనిషి పోయేటట్టున్నది."

"వచ్చే బల్ల దినం చూద్దాం తియ్యి."

గా దినం దాక ఆమె ఆగలే. పోయే ముందు నా చెయ్యి పట్టి "నేను పోయినంకనన్న చెప్పు" అన్నది.

సమాధి కాడ పెద్దయ్య నాలుగు మాటలు చెప్పి, ఆఖరుకు "ఆమె లోపటి సంగతి దేవునికే ఎరుక" అన్నడు.

"దేవునికే కాదు పెద్దయ్యా, నాకూ ఎరుక" అన్న. మైకు లేదు, ఒర్లి చెప్పిన. నెత్తురు, స్కానింగ్, సిగ్గు, అన్ని. మొగోళ్లు మన్ను దిక్కు చూసిన్రు. ఆడోళ్లు గొల్లుమన్నరు. గుసగుస పెట్టినోళ్లే అందరికంటె ఎక్కువ ఏడ్సిన్రు.

వచ్చిన బల్ల దినం అయ్యగారు మొకం ఎత్తకుండనే అన్నడు, "నెలసరి ఉన్నోళ్లు, రోగం ఉన్నోళ్లు, అందరు రండమ్మా." ఎనక గోడకున్నోళ్లు ఒక్కొక్కరు లేసిన్రు. బల్లకు రొట్టె చేసేది నేనే. గా దినం తక్కువ పడ్డది. ఎప్పటి లెక్కనే చేసిన మరి. నెల నెల ఎంతమంది గోడకు మిగులుతున్నరో అప్పుడు అర్థమైంది.

మైకు ఇప్పటికి నా చేతికియ్యలే. అడుగుతనే ఉన్న. అందాక ఎవలన్న ఎనక కూసుంటే నేనే పోయి పక్కన కూసుంట, చెవుల అడుగుత. ప్రార్థన చేస్త, దవాఖానకు గూడ తోలుకపోత. రెండు కావాలని నేర్సుకున్న. నేను అట్ల అడిగినోళ్లల్ల ఒకామె టైముకు ఆపరేషన్ అయ్యి మళ్ల పత్తి ఏరవోతున్నది. ఆమె నవ్వుకుంట ఎదురైతే సంతోషమైతది. ఇంటికొచ్చినంక ఏడుపొస్తది.