దిగుమారాలో ఒక రోజు గెస్టు

సన్ఫా ముప్ఫై ఏళ్ళుగా బీచి ఊడుస్తోంది. మొదట్లో ద్వీపంలోని ఆడవాళ్ళందరితో కలిసి వంతుల ప్రకారం ఊడ్చేది. తొమ్మిదేళ్ళ కిందట మా ద్వీపంలో గెస్టుహౌసులు వచ్చాయి. దక్షిణం వైపు కొబ్బరాకుల దడి కట్టి, దాని వెనుక ఇసుకను విదేశీయుల కోసం వేరు చేశారు. ఆ ముక్క ఊడ్చే పని ఆమెకు వచ్చింది. తెల్లవారి నమాజు కాగానే ఈనెల చీపురు పట్టుకుని వెళ్తుంది. నడుము వంచి ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ ఊడుస్తుంటే ఇసుక మీద విసనకర్రల్లాంటి గీతలు పడతాయి. ఎండ ఎక్కాక మొదటి గెస్టు వచ్చి, ఆ గీతలు తొక్కుకుంటూ పోయి పడుకుంటాడు. అప్పటికి సన్ఫా ఇంట్లో రొట్టెలు కాలుస్తుంటుంది.

ఆ ఇసుక మీద ఆమె ఒక్కసారి కూడా కూర్చోలేదు. కూర్చోవద్దని ఎవరూ అనలేదు. మా దగ్గర పెద్దవాళ్ళు బీచిలో కూర్చోరు. చెట్ల కింద తాళ్ళు అల్లిన కుర్చీల్లో కూర్చుంటారు.

ఆమె పుట్టింది మా ద్వీపంలో కాదు, పడవలో గంట దూరం ఉన్న దిగుమారాలో. ఆమెకు పన్నెండేళ్ళప్పుడు, శుక్రవారం నమాజుకు నలభై మంది మగవాళ్ళు లేరని చెప్పి ఆ ద్వీపాన్ని ఖాళీ చేయించారు. ముప్ఫై ఎనిమిది మంది ఉండేవారట. "ఇంకో ఇద్దరు మొగపిల్లలు కాస్త గబగబా ఎదిగుంటే ఇప్పటికీ అక్కడే ఉండేవాళ్ళం" అంటుంది సన్ఫా. ఆ మాట కోపంగా అనదు. వాన రావలసింది రాలేదన్నట్టు అంటుంది. ఆ తర్వాత దిగుమారాకు కొబ్బరికాయల కోసమో పిక్నిక్కు కోసమో మనుషులు వెళ్ళి వస్తుండేవారు. ఈ ఏడు ఒక కంపెనీ రిసార్టు కట్టడానికి దాన్ని తీసుకుంది. ఆగస్టు పదిహేను తర్వాత బయటివాళ్ళు అడుగు పెట్టరాదని జులైలో ద్వీపం ఆఫీసు గోడకు కాగితం అంటించారు.

సన్ఫా ఆ కాగితాన్ని ఇద్దరి చేత చదివించుకుని, నేరుగా కూతురు నహీదా దగ్గరికి వెళ్ళింది. నహీదా ఒక గెస్టుహౌసులో పనిచేస్తుంది. గెస్టులు ఏ రోజు ఏం చేయాలో, ఏ పడవలో ఎటు వెళ్ళాలో రాసి బోర్డు మీద పెట్టడం ఆమె పని.

"నహీదా, నాకో ప్లాను రాసివ్వు."

"ఏం ప్లానమ్మా?"

"నీ గెస్టులకి రాస్తావు కదా, పొద్దున ఇది, మధ్యాహ్నం అది అని. అట్లాంటిది. దిగుమారాకి. ఒక్క రోజు."

"పిక్నిక్కా? సరే, చిన్న పొయ్యి ఒకటి పెట్టుకుని..."

"పిక్నిక్ కాదు. పిక్నిక్కంటే చేప నేనే కోయాలి, కొబ్బరి నేనే కోరాలి, గిన్నెలు నేనే తోమాలి. బీచి హాలిడే. నేను గెస్టుని."

నహీదా నవ్వింది. తల్లి నవ్వలేదు. దాంతో నహీదా కుర్చీ దగ్గరికి లాక్కుని కాగితం తీసింది.

"ఎంత మంది?"

"నేనూ, మీ పిన్నీ."

"పడనిదేమైనా ఉందా? ఎలర్జీ?"

"మీ పిన్ని పాట పడదు. రాసుకో."

"తిండి విషయమమ్మా."

"వాళ్ళు తినేదే. ఆ మూడుకోణాల బ్రెడ్డు ముక్కలు. మధ్యలో కోడిమాంసం పెడతారే, అవి. పుచ్చకాయ తొక్క తీసి పెట్టాలి. ఇంకా తువ్వాలు పక్షిలాగా మడతపెడతారే..."

"హంస."

"అదీ. మెడ వాలిపోకూడదు. మొన్న నాలుగో గదిలోది వాలిపోయింది, నేను చూశాను."

పిన్ని అంటే రుగియ్యా, సన్ఫా కంటే రెండేళ్ళు చిన్నది, పక్క సందులోనే ఉంటుంది. దిగుమారాలో పుట్టి మా ద్వీపంలో మిగిలినవాళ్ళలో ఇంకా పడవెక్కగలిగినవాళ్ళు ఈ అక్కాచెల్లెళ్ళిద్దరే. సంగతి వినగానే రుగియ్యా నడుం మీద చెయ్యి వేసుకుంది.

"నీకేమైనా తగిలిందా అక్కా? అరవయ్యారేళ్ళు సముద్రం చూసి, ఇప్పుడు సముద్రం చూడ్డానికి సెలవా?"

"చూడ్డానికి కాదే. పడుకోడానికి."

"ఇంట్లో మంచం లేదూ?"

"మంచం మీద పడుకుంటే నువ్వొచ్చి లేపుతావు."

"బట్టలు విప్పి పడుకుంటావా, వాళ్ళలాగా?"

"నువ్వు విప్పుకో. చేపలు చూసి పారిపోతాయి, పట్టేవాళ్ళకి పని తప్పుతుంది."

రుగియ్యా రానని మూడు రోజులు బెట్టు చేసింది. నాలుగో రోజు వచ్చి, తమలపాకులూ వక్కలూ ప్లానులో రాస్తేనే వస్తానంది. నహీదా రాసింది.

తేదీ దగ్గర చిక్కొచ్చింది. పడవ నహీదా భర్త షియామ్‌ది. గెస్టుల తిరుగుళ్ళు పోను ఆగస్టులో మూడో తేదీ, ఎనిమిదో తేదీ ఖాళీగా ఉన్నాయి. ఫోనులో చూస్తే మూడో తేదీకి నిండు సూర్యుడి బొమ్మ కనిపించింది.

"మూడున పోదామమ్మా."

సన్ఫా వేళ్ళు మడిచి లెక్కపెట్టింది. "ఫూస్ కార్తె రెండో తేదీ దాకా ఉంది. పోయే కార్తె ఉత్తినే పోదు, తలుపు విసిరేసి పోతుంది. అహులిహ కార్తె వచ్చి నాలుగైదు రోజులు కానీ. ఎనిమిది."

మూడో తేదీన పడమటి గాలికి జెట్టీలో రెండు పడవల తాళ్ళు తెగాయి. నహీదా ఆ తర్వాత ఫోను మాట ఎత్తలేదు.

మిగిలిన ప్లానంతా సన్ఫా చెప్పినట్టే సాగింది. చోటు ఆమె ముందే నిర్ణయించుకుంది. పడమటి ఒడ్డు, గంగరావి చెట్టుకు ఎదురుగా. అక్కడే వాళ్ళ ఇల్లుండేది. ఇంటి ముందు ఇసుక పిండిలా ఉండేది. మగవాళ్ళు పడవలు లాగే చోటు కాబట్టి ఆడపిల్లల్ని అక్కడ కూర్చోనిచ్చేవారు కాదు. ఊడ్చి రమ్మనేవారు. ఇప్పుడు ఆ చోట చాప వేసుకుని పొద్దుటి నుంచి, మధ్యాహ్నం వాలాక చేసే అసరు నమాజు దాకా పడుకోవాలి. ఎవరో ఒకరు కొబ్బరిబోండాం తెచ్చి చేతికివ్వాలి. అంతకు మించి ఆమె ఏమీ అడగలేదు. కానీ ఆ మాత్రం విషయంలో ఎవరి మాటా వినలేదు. నెల్లాళ్ళు నహీదా కాగితం మీద గొడుగు ఎటు వాలాలో, చాప ఎంత దూరంలో పరచాలో బొమ్మ గీస్తూనే ఉంది. పడమటి ఎండ సాయంత్రం ముఖాన కొడుతుందని ఒకసారి చెప్పి చూసింది. "కొట్టనీ. గెస్టులు దానికోసమేగా వస్తారు" అంది తల్లి.

ఎనిమిదో తేదీ పొద్దున సముద్రం నూనె పోసినట్టుంది. నహీదా జెట్టీ మీద తల్లికి చల్లటి తడి తువ్వాలు ఇచ్చింది. సన్ఫా దాంతో ముఖం తుడుచుకుని, అలవాటుగా పడవ అంచు కూడా తుడవబోయి ఆగింది. రుగియ్యా చూసింది. కానీ నోట్లో తమలపాకు ఉండడంతో ఏమీ అనలేదు.

దిగుమారా కనబడ్డాక షియామ్ ఇంజను తగ్గించి, పడమటి వైపుకు పడవ తిప్పాడు. గంగరావి చెట్టు ఉంది. దాని వేళ్ళు గాల్లో వేలాడుతున్నాయి. కింద ఇసుక లేదు. నల్లటి రాతిపలకలు నీళ్ళలోకి దిగిపోయి ఉన్నాయి. వాటి సందుల్లో పీతలు తిరుగుతున్నాయి.

సన్ఫా పడవ అంచు పట్టుకుని లేచి నిలబడింది.

"ఇసుక అటు పోయిందత్తా" అన్నాడు షియామ్, తూర్పుకు గడ్డం చూపిస్తూ.

పడమటి గాలులు వీచే నెలల్లో ఇసుక ద్వీపం చుట్టూ నడిచి తూర్పు ఒడ్డుకు చేరుతుంది. గాలి తిరిగాక మళ్ళీ పడమటికి వస్తుంది. పన్నెండేళ్ళ సన్ఫాకు ఇది పగలూ రాత్రీ తెలిసినట్టు తెలుసు. కానీ మా ద్వీపంలో హార్బరు కట్టి, చుట్టూ రాళ్ళు పేర్చాక ఇసుక నడవడం మానేసింది. ఏడాది పొడుగునా అదే చోట ఉంటుంది. ఆమె రోజూ అదే చోట ఊడుస్తుంది. గాలినీ మబ్బునీ కార్తెనీ లెక్కపెట్టిన మనిషి నెల్లాళ్ళలో ఒక్కసారి కూడా ఇసుకను లెక్కలోకి తీసుకోలేదు. రుగియ్యాకూ తట్టలేదు.

"నీకు తెలుసా?" అని అల్లుణ్ణి అడిగింది సన్ఫా.

"తెలుసత్తా. చెప్పబోయాను. గెస్టు ఎక్కడికంటే అక్కడికే, ఎదురు చెప్పొద్దంది నీ కూతురు."

నహీదా మొగుడి వంక చూసిన చూపుకు అతను ఇంజను వైపు తిరిగాడు.

"డిసెంబర్‌లో వద్దామమ్మా" అని నహీదా నోరుజారి, వెంటనే నాలిక కరుచుకుంది.

"ఇక్కడే దింపండి" అంది సన్ఫా.

దింపారు. చాప పలక మీద పరిస్తే ఒక మూల నీళ్ళలో పడింది. గొడుగు గుచ్చడానికి చోటు దొరకలేదు. హంసను ఎక్కడ పెట్టాలో తెలియక నహీదా చేతుల్లోనే పట్టుకుని నిలబడింది. సన్ఫా చెట్టు వేళ్ళ పక్కన కూర్చుని ఇల్లుండిన వైపు చూసింది. అక్కడ పొదలున్నాయి. ఒక అల వచ్చి ఆమెను నడుము దాకా తడిపింది. ఇంకోటి వచ్చింది. పావుగంట అలాగే కూర్చుని, లేచి, "తూర్పుకే పదండి" అంది.

అప్పుడు రుగియ్యా నోట్లోది ఉమ్మేసింది.

"తూర్పు ఒడ్డా? అక్కా! తూర్పు ఒడ్డున మనం ఏం చేసేవాళ్ళమో మర్చిపోయావా?"

సన్ఫా మర్చిపోలేదని ఆమె ముఖం చూస్తేనే తెలిసింది.

"ఏం చేసేవాళ్ళు పిన్నీ?"

"తెల్లారకముందే ఊళ్ళో ఆడవాళ్ళందరం వరసగా వెళ్ళి కూర్చునేవాళ్ళం. మగవాళ్ళకి ఉత్తరం, మాకు తూర్పు. ఇళ్ళల్లో దొడ్లు ఎక్కడివీ! నెల్లాళ్ళు ప్లాను రాయించి, హంసని తెచ్చి, చివరికి మీ అమ్మ హాలిడే..." రుగియ్యాకు నవ్వుతో మాట పూర్తి కాలేదు.

"యాభై నాలుగేళ్ళయింది. సముద్రం కడిగేసి ఉంటుంది" అంది నహీదా.

"కడుగుతుంది, కడుగుతుంది. మీ అమ్మమ్మది ఒక్కదానికే సముద్రానికి పదేళ్ళు పట్టుంటుంది."

తూర్పు ఒడ్డున ఇసుక తెల్లగా, వెడల్పుగా, ఒక్క అడుగు కూడా పడకుండా పరుచుకుని ఉంది. నహీదా చాప పరిచింది. గొడుగు గుచ్చింది. హంస నిలబడింది, మెడ వాలలేదు. సన్ఫా ఇసుకను ఒకసారి కాలితో తట్టి చూసి పడుకుంది. రొట్టెముక్క తిని, ఇందులో ఉప్పు లేదంది. బోండాం చేతికందింది. ఆమె కళ్ళు మూసుకుంది.

అరగంట కాకముందే పొదల్లోంచి ఒకతను వచ్చాడు. నలభై ఏళ్ళుంటాయి, లుంగీ, చేతిలో కర్ర. కంపెనీ పెట్టిన కాపలామనిషి, బంగ్లాదేశ్ అతను. పేరు రఫీకుల్ అని తర్వాత చెప్పాడు. మా భాష ముక్కలు ముక్కలుగా వచ్చు.

"ఎవరూ రాకూడదు. బంద్."

"పదిహేను దాకా ఉంది. కాగితంలో ఉంది" అంది నహీదా.

"కాగితం నాకు తెలీదు. నిన్న ఫోను వచ్చింది. నిన్నటి నుంచి బంద్."

"ఇదిగో అబ్బాయ్, ఈమె పుట్టిందే ఇక్కడ" అంది రుగియ్యా.

అతను చుట్టూ చూశాడు. "ఇక్కడ ఇళ్ళే లేవు కదా."

సన్ఫా లేవలేదు. పడుకునే తల తిప్పి అతన్ని చూసింది.

"అసరు దాకా ఉంటాను బాబూ. నమాజు చేసుకుని పోతాను. మళ్ళీ రాను."

ఆ చివరి మాటకు నహీదా ఇసుకలోకి చూసింది. రఫీకుల్ కర్రను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకున్నాడు.

"మంట వెయ్యొద్దు" అని చెప్పి వెళ్ళిపోయాడు. కాసేపటికి ఒక కెటిలూ, ఒకదానికొకటి పోలిక లేని నాలుగు కప్పులూ తెచ్చాడు. సన్ఫా టీ పొయ్యడానికి చెయ్యి చాపబోతే, నహీదా ఆ చెయ్యి పట్టుకుంది. అతనే వంగి పోసి ఇచ్చాడు.

ఈ ఒడ్డునే కంపెనీ వాళ్ళ పెద్ద గదులు వస్తాయని అతను చెప్పాడు. ఇంజనీరు వచ్చి కొలిచి వెళ్ళాడట. సూర్యోదయం ఇక్కడి నుంచే బాగా కనబడుతుంది కాబట్టి, రాజులూ సినిమావాళ్ళూ దిగే గదులు ఇక్కడేనట.

రుగియ్యాకు టీ ముక్కులోకి పోయింది. దగ్గుతూ, ఏడుస్తూ, ఇసుక మీద బోర్లా పడింది.

"ఆమెకి ఏమైంది?"

"టీ వేడిగా తగిలింది" అంది సన్ఫా. ఆమె పెదవులు కూడా అదిరాయి కానీ నిలదొక్కుకుంది. "బాబూ, నీది ఏ ఊరు?"

"బర్గునా. నది పక్కన. ఇల్లున్న చోటు ఇప్పుడు నదిలో ఉంది."

సన్ఫా చాప మీద కాస్త జరిగి, కూర్చోమంది. అతను చాప మీద కూర్చోలేదు, పక్కన ఇసుకలో కూర్చున్నాడు. నీళ్ళు ఎక్కడి నుంచి తెచ్చుకుంటున్నావని అడిగింది. వానకు డ్రమ్ములు నింపుకుంటాననీ, లేనప్పుడు కంపెనీ పడవ సీసాలు తెస్తుందనీ, అది పది రోజులుగా రాలేదనీ చెప్పాడు.

సన్ఫా లేచి కూర్చుంది.

"మా నూతి నీళ్ళు ఉండగానా?"

"నూతి లేదమ్మా ఇక్కడ. మొత్తం తిరిగాను."

"లే."

"అమ్మా" అంది నహీదా. సన్ఫా అప్పటికే చెప్పులు తొడుక్కుంది. ద్వీపం అడ్డంగా దాటడానికి రెండు వందల అడుగులు కూడా ఉండవు. పొదలు విరుచుకుంటూ ముందు ఆమె, వెనుక అతను, వాళ్ళ వెనుక రుగియ్యా నడిచారు. గంగరావి చెట్టు కనబడ్డాక ఆమె దానికి వీపు పెట్టి నిలబడి, అడుగులు లెక్కపెట్టుకుంటూ వచ్చి ఒక పొద దగ్గర ఆగింది. "ఇక్కడ" అంది. రఫీకుల్ కర్రతో ఆకులు తోశాడు. కింద పగడపురాళ్ళ వరస గుండ్రంగా బయటపడింది. కొబ్బరిమట్టలు తీసేసరికి లోపల నీళ్ళు నల్లగా మెరిశాయి.

అతను పరిగెత్తి పెయింటు డబ్బా, తాడు తెచ్చాడు. మొదటి రెండు డబ్బాలు పారబోయమంది. మూడోది దోసిట్లో పట్టి రుచి చూశాడు.

"ఉప్పు లేదు" అన్నాడు.

"ఎందుకుంటుంది? వారానికోసారి నాచు తీస్తుండు. చుట్టూ చీపురు పెట్టు, ఆకులు పడనివ్వకు."

అటు తూర్పు ఒడ్డు నుంచి, సముద్రం వెనక్కి తీస్తోంది, అసరు దాకా ఆగితే పడవ కదలదు, ఇక బయల్దేరాలని షియామ్ కేకేశాడు. సన్ఫా వస్తున్నానని గట్టిగా అరిచి, ఇంకో డబ్బా తోడమంది.