సిరిల్ పిమ్ టోపీ

సిరిల్ పిమ్‌కి ఉన్నది ఒకటే జబ్బు. రెండు ఇంటిపేర్లున్న మనిషి ఎదురైతే టోపీ తీసేస్తాడు.

ఆయన పాలు పోసే రోజుల్లో మా ఆకెన్‌షాలో జోడు ఇంటిపేరు ఒక్క కుటుంబానికే ఉండేది. కొండమీద బంగళా, గుర్రాలు, ఇద్దరు వంటవాళ్ళు. సిరిల్ వాళ్ళ కుక్కకు కూడా టోపీ తీసేవాడు, దానిదీ అదే ఇల్లు కదా అని. ఇప్పుడా బంగళా పళ్ళ ఆసుపత్రి. జోడు పేర్లు మాత్రం కొండ దిగి ఊళ్ళోకొచ్చేశాయి. పెళ్ళయినా తమ పేరు వదులుకోని తల్లులు, అసలు పెళ్ళే అక్కర్లేదనుకున్న జంటలు, ఇద్దరి పేర్లూ పిల్లలకు తగిలించడం మొదలుపెట్టారు. అలాంటి పేరు వింటే ఒకప్పుడు ‘ఎస్టేటెంత?’ అనేవాళ్ళు. ఇప్పుడు ‘అమ్మానాన్నా కలిసే ఉంటున్నారా?’ అంటున్నారు.

సిరిల్ టోపీకి తీరిక లేకుండా పోయింది.

మా ఫుట్‌బాల్ క్లబ్బులో మైకు ఆయనది. పన్నెండేళ్ళలోపు ఆడపిల్లల జట్టులో పదకొండు మందికి పంతొమ్మిది ఇంటిపేర్లు. జోడు పేరు వచ్చినప్పుడల్లా టోపీ తీసి, పూర్తిగా చదివి, మళ్ళీ పెట్టుకుంటాడు. ఒకసారి రిఫరీ ఆగలేక ఈల ఊదేశాడు. గోల్‌కీపర్ రెండో పేరు ఈయన నోట్లో ఉండగానే ఆ పిల్ల గోల్ వదిలేసింది.

ఆ గోల్‌కీపర్ జెస్సా బర్టిల్స్-స్ప్రాగ్.

“వాళ్ళ నాన్న మా ఇంట్లో పంపులు బాగుచేస్తాడయ్యా. దొర కాదు” అన్నాను సిరిల్‌తో ఒకనాడు.

“బాగా చేస్తాడా?”

“చేస్తాడు.”

“మరి నీ బాధేంటి?”

ముసలాయనకు కాలం మారిన సంగతి తెలీదని ఊరంతా తేల్చేసింది. స్థానిక వారపత్రికలో మ్యాచ్ కబుర్లు రాసే నేను ఆ మాట రెండుసార్లు అచ్చు కూడా వేశాను. చోటు చాలక జోడు పేర్లన్నిటిలోనూ రెండో సగం కోసేవాణ్ణి కూడా.

మొన్నామధ్య కప్పు ఫైనల్. క్లబ్బు అధ్యక్షుడు డెనిస్ క్రాబ్‌ట్రీ కొత్త నిబంధన తెచ్చాడు: మైకులో మనిషికి ఒక్క ఇంటిపేరే. కాగితం పట్టుకుని జెస్సా దగ్గరికొచ్చాడు.

“చెప్పమ్మా, ఏది ఉంచమంటావు? మీ అమ్మదా, నాన్నదా?”

జెస్సా మైదానం వైపు చూసింది. అమ్మ ఈ గోల్ వెనకాల, నాన్న ఆ గోల్ వెనకాల. వాళ్ళు విడిపోయి రెండు నెలలైంది.

“నాకు కడుపునొప్పి. నేనాడను” అని గ్లవ్స్ తీసేసింది.

“పేరడిగితే కడుపునొప్పేంటి?” డెనిస్ నిజంగానే ఆశ్చర్యపోయాడు.

సిరిల్ టీ కప్పు కింద పెట్టాడు. “తొడుక్కోండి అమ్మగారూ. చదివేది నేను.”

“నిబంధన, సిరిల్!”

“నీకున్నదొకటే కదా డెనిస్, నీకే ఇబ్బందీ రాదులే.”

వాన పడుతోంది. సిరిల్ టోపీ తీసి మైకు అందుకున్నాడు. “గోల్‌లో... జెస్సా... బర్టిల్స్... స్ప్రాగ్!”

రెండు గోల్స్ వెనకనుంచీ ఒకేసారి చప్పట్లు. కడుపునొప్పి తగ్గింది. ఆ పిల్ల మూడు గోల్స్ ఆపి నాలుగు వదిలింది. ఓడిపోయాం.

తర్వాత మాంసం కూరిన ‘పై’ తింటూ సిరిల్‌ని అడిగాను. “వాళ్ళు దొరలని నువ్వెప్పుడూ అనుకోలేదు కదా?”

“నాకు కళ్ళున్నాయి.”

“మరి టోపీ?”

“పెళ్ళినాడు మా ఈనిడ్ తన ఇంటిపేరు కూడా ఉంచుకుంటానంది. పాలవాడి పెళ్ళానికి రెండు పేర్లా అని రిజిస్ట్రార్ నవ్వాడు. సాక్షులు నవ్వారు. నేనూ నవ్వాను. తను వద్దులెండి అంది.” ‘పై’లో ఓ ముక్క కొరికి నమిలాడు. “అందుకే టోపీ. అది తీస్తే నన్ను చూసి నవ్వుకుంటారు. పిల్లల జోలికి పోరు.”

“ఈనిడ్‌గారిది ఏ ఇంటిపేరు?”

“ఎకర్స్‌లీ.”

ఆ వారం పేర్లన్నీ పూర్తిగా వేశాను. చోటు చాలక మాకు పడ్డ నాలుగో గోల్ సంగతి కోసేయాల్సొచ్చింది. చివర్లో ‘మైకు: సిరిల్ పిమ్-ఎకర్స్‌లీ’ అని పెట్టాను.

సోమవారం ఆయన ఆఫీసుకొచ్చాడు. “తప్పు పడింది. సవరణ వెయ్యి.”

“పేరు తీసేయమంటావా?”

“తనది ముందు రావాలట.”

ఆయన టోపీ చేతిలోనే ఉంది. కిటికీ అవతల గొడుగు కింద ఈనిడ్ నిలబడి ఉంది.