బిగిస్తే ఆగని వాల్వు

వీర్రాజు చెవి గురించి పరవాడ కరెంటు ప్లాంటులో చెప్పుకునేదాన్ని మూడొంతులు తగ్గించి చెప్పినా మీరు నమ్మరు. ఏ వాల్వులో ఆవిరి కారుతోందో గేటు దగ్గర నిలబడే చెప్పేస్తాడట. ఓసారి కోసుల దూరాన గాజువాకలో మంచం మీద పడుకున్నవాడు ఉన్నట్టుండి లేచి కూర్చుని, పరవాడ బాయిలరు దగ్గర ఏడో నంబరు వాల్వు ఈల వేస్తోందన్నాడట. ఇందుకు సాక్షి అతని బావమరిది, తోటి ఫిట్టరు అప్పలసూరి. అప్పలసూరి మాటల్లో సగం నిజమే. ఏ సగమో అతనికీ తెలియదు.

ఎలమంచిలి అవతల పొలం పనులు వదిలి వచ్చి, ఇరవై రెండేళ్లుగా కాంట్రాక్టు కింద వాల్వులు బిగిస్తున్న ఆ మనిషి, తన రొమ్ములో కారుతున్నదాన్ని మాత్రం మూడేళ్లు వినలేదు.

వినలేదనడం అన్యాయం. విన్నాడు. అన్నం తిని పైపు కింద వంగితే చాలు, పుల్లటి నీళ్లు గొంతులోకి తన్నుకొచ్చేవి. రొమ్ము వెనక నిప్పుకణిక పెట్టినట్టుండేది. అప్పలసూరితో చెప్పాడు.

"బయట అనీకు బావా," అన్నాడు అప్పలసూరి. "రొమ్ము మంటంటే గుండె జబ్బని రాసీత్తారు. మెడికల్లో తప్పితే గేటు పాసు పోద్ది. అప్పుడీ సెవితో ఏటి సేత్తావ్, ఇంట్లో కూకోని రేడియో ఇంటావా?"

ఏడాదికోసారి కంపెనీ డాక్టరు పరీక్షలో నెగ్గితేనే ఆ పాసు చేతికొస్తుంది. అది లేకపోతే వాల్వుల వీర్రాజు ఉండడు. కూడలిలో పనికోసం నిలబడే యాభై ఏళ్ల ముసలాడొకడు ఉంటాడు.

అందుకని తన వైద్యం తానే చేసుకున్నాడు. వాల్వు మెడ దగ్గర ఆవిరి కారితే ఫిట్టరు ఏం చేస్తాడు? నట్లు ఇంకో చుట్టు తిప్పుతాడు. వీర్రాజు స్పానర్లు వేలాడే తన తోలు బెల్టును పొట్ట మీదికి లాగి, ఒక బొక్క ముందుకు బిగించాడు. మంట పెరిగింది. బిగింపు చాల్లేదనుకుని ఇంకో బొక్క. పైనుంచి గోలీసోడా తాగి, బాయిలరు కూత పెట్టినట్టు తేన్చి, "ప్రెజరు దిగిపోనాది," అనేవాడు.

"పడుకున్నప్పుడైనా ఇప్పు మావా," అనేది భార్య తాయారు. "గేదెకైనా పలుపు ఇప్పుతారు."

"బిగింపు కుదురుకోవాల. నీకు తెల్దు."

ఒక మధ్యాహ్నం క్యాంటీన్లో చేపల పులుసు కలిపిన ముద్ద రొమ్ము మధ్యలో ఆగిపోయింది. నీళ్లు తాగితే నీళ్లూ తిరిగొచ్చాయి. అది మొదలు ఏ పూట ముద్దయినా అక్కడే తగులుకునేది. గంజి ఒక్కటే దిగేది. నెలలు గడిచి మొహం పీక్కుపోయాక, తాయారే చెయ్యి పట్టుకుని గాజువాకలో ఒక డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ గొంతులోంచి కెమెరా గొట్టం దించి చూసింది. తర్వాత కాగితం మీద బొమ్మ గీసింది. కింద కడుపు సంచి, పైన అన్నం దిగే గొట్టం, రెంటికీ మధ్య ఉంగరం.

"ఇది కండ. ఎప్పుడూ మూసుకునే ఉంటుంది. ముద్ద వస్తే వదులవుతుంది, దిగగానే మళ్లీ బిగుసుకుంటుంది. మీది సరిగ్గా మూసుకోవడం లేదు. కడుపులో పులుపు పైకెక్కి గొట్టాన్ని కాల్చింది. కాలినచోట మచ్చ కట్టి దారి ఇరుకైంది."

"నట్టు ఎక్కడుంటాదమ్మా?"

"నట్లుండవండీ. మీరు బిగించింది ఆ ఉంగరాన్ని కాదు, కడుపుని. నిండా ఉన్న నీళ్ల సంచిని నడుం దగ్గర నొక్కితే నీళ్లు ఎటు పోతాయి?"

నొక్కితే ఒత్తిడి ఎటు పోతుందో పరవాడలో అందరికీ పాఠం చెప్పేది వీర్రాజే.

"పోనీ, కొత్తది ఏసీలేరా?"

"స్పేరు దొరకదు. లోపలికి బుడగ దించి ఊది, ఇరుకుని వెడల్పు చేస్తాం. మందులు రోజూ వేసుకోవాలి. ఆ బెల్టు మానాలి, తిన్నాక వంగి పని చేయకూడదు. రాసిస్తాను, మీ కంపెనీ వాళ్లకి చూపించండి."

కాగితం చూపిస్తే పాసు పోతుంది. వెడల్పు చేయించుకోవాలంటే సెలవు కావాలి, సెలవుకి కారణం రాయాలి. వీర్రాజు కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి తాయారు చేతికిచ్చాడు. ఆమె దాన్ని బియ్యం డబ్బా కింద పెట్టింది.

వారానికి మెడికల్ వచ్చింది. కళ్లు చూశారు, బీపీ చూశారు. చెవులు చూసినాయన ముచ్చటపడ్డాడు. నిరుటికంటే పదకొండు కిలోలు తగ్గాడని చూసి, "పర్లేదే, పొట్ట కరిగించావు," అన్నాడు డాక్టరు. "రొమ్ములో మంట, నొప్పి ఏమైనా ఉన్నాయా?"

"నేదు సార్."

పాసు మీద ముద్ర పడింది.

బయట అప్పలసూరి ఎదురు చూస్తున్నాడు. "సెప్పీనేదు కదా?"

"నేదు."

"మంచి పని సేసినావ్."

వీర్రాజు బెల్టు పెట్టుకున్నాడు. ఆఖరి బొక్కలోనూ నిలవలేదు. స్పానర్ల బరువుకి తుంటి మీదికి జారిపోయింది.

"ఆగు బావా," అంటూ అప్పలసూరి రబ్బరు షీటుకి బొక్కలు కొట్టే ఉలి తీశాడు. "ఏడ కొట్టమంటావ్?"

వీర్రాజు వేలితో చోటు చూపించాడు. రెండు సుత్తి దెబ్బలకి బొక్క పడింది. బెల్టు చుట్టుకుని, ఊపిరి బిగబట్టి కొక్కెం దూర్చాడు.

"బిగిసిందా?"

నోట్లోకి వచ్చిన పులుపుని మింగాడు. అది దిగేదాకా ఆగి, "బిగిసింది," అన్నాడు.