వాల్టర్ తాత సైనికులకు బొట్టు

మా చిన్నప్పుడు... నార్త్ యార్క్‌లో మేముండే అపార్ట్‌మెంట్‌లో, దసరా రోజు బొట్టు తప్పించుకున్న వస్తువంటూ ఉండేది కాదు. నాన్న లాప్‌టాప్, అమ్మ మిక్సీ, పార్కింగ్‌లో కారు, ఆఖరికి మంచు తోసే పార... అన్నిటికీ పసుపు, కుంకుమ. అక్టోబరు ఇక్కడ గుమ్మడికాయల కాలం, వాటికి కొదవ లేదు గానీ, కారు ముందు పగలగొడతామంటే సెక్యూరిటీ ఆయన ఒప్పుకునేవాడు కాదు.

ఇండియా నుంచి స్టూడెంట్లు విమానాల నిండా దిగుతున్న రోజులవి. మా ఇంట్లోనూ ఒక గదిలో రమ్య అక్క అద్దెకుండేది. కరీంనగర్ అమ్మాయి. వారమంతా కాలేజీ, శని ఆదివారాలు ఊరి చివర వేర్‌హౌస్‌లో పని. ఆ ఏడు దసరా శనివారం వచ్చింది. అక్కకు ఆ రోజు షిఫ్ట్ దొరకలేదు. దిగులుగా కూర్చుంటే, అమ్మ పూజ పనంతా తనకు అప్పజెప్పింది.

మా ఎదురు తలుపు వాల్టర్ తాతది. భార్య పోయాక ఒక్కడే ఉండేవాడు. చిటికెన వేలంత సీసపు సైనికులకు భూతద్దం కింద రంగులు వేసుకోవడమే ఆయన లోకం. ఎప్పుడో అమెరికాలో జరిగిన అంతర్యుద్ధం నాటి సైనికులు. నీలం కోట్లు ఉత్తరం వాళ్లవి, బూడిదరంగు కోట్లు దక్షిణం వాళ్లవి. మనుషుల్ని బానిసలుగా ఉంచుకోవడం కోసం దక్షిణం వాళ్లు దేశాన్నే చీల్చబోయారని నాకు చెప్పింది ఆయనే.

ఆయన ముత్తాత ఇక్కడి నుంచి సరిహద్దు దాటి అమెరికా వెళ్లి నీలం కోటు తొడుక్కున్నాడట. ముత్తాత తమ్ముడు అంతకు ముందే పని వెతుక్కుంటూ దక్షిణానికి పోయి, బూడిదరంగు కోటులో యుద్ధానికి దిగాడు. ఇద్దరూ ప్రాణాలతోనే తిరిగొచ్చారు... కానీ అన్న తన తమ్ముణ్ని చచ్చేదాకా గడప తొక్కనివ్వలేదు.

ఆ ఇద్దరికీ గుర్తుగా తాత దగ్గర రెండు బొమ్మలుండేవి. అన్న నీలం వాళ్ల పెట్టెలో, తమ్ముడు బూడిదరంగు వాళ్ల పెట్టెలో. ఆ రెండు పెట్టెల్నీ ఆయన ఒకే అరలో కూడా పెట్టేవాడు కాదు.

ఎవ్వరినీ ముట్టుకోనివ్వని ఆ రెండు పెట్టెల బొమ్మల్నీ, స్కూల్లో చూపించమని నా చేతికిచ్చాడు. శుక్రవారం చూపించాలి, శనివారం సాయంత్రం తిరిగివ్వాలి. "చేతులు కడుక్కుని పట్టుకో" అన్నాడు, అంతే. అంత నమ్మకం నా మీద పెట్టిన పెద్దమనిషి అప్పటికి ఇంకొకరు లేరు. ఆ రెండు రోజులూ నా కాళ్లు నేల మీద లేవు.

శనివారం పొద్దున స్నానం చేసి హాల్లోకి వచ్చేసరికి... దేవుడి పీట ముందు రెండు సైన్యాలూ బారులు తీరి ఉన్నాయి. అందరి నుదుటా తడి కుంకుమ. అగరుబత్తి పుల్ల కొసతో, టోపీ కింద నుదురు వెతికి మరీ పెట్టింది అక్క.

"తుపాకులు, కత్తులు పట్టుకున్నరు గద చెల్లె. ఆయుధపూజ నాడు వీళ్లను ఇడిసిపెడ్తె ఎట్ల?" అంది తాపీగా.

నాకు ఏడుపు ఆగలేదు. అమ్మ తడిబట్టతో ఒక బొమ్మను తుడిచి చూసింది. కుంకుమ పోకపోగా మొహమంతా గులాబీ రంగు పాకింది. ఇక ముట్టుకోవద్దని నాన్న ఆపేశాడు. చిన్న గీత పడితేనే విలవిల్లాడే తాత... ఇక నాకు తలుపు తీయడని నిశ్చయించుకున్నాను. అవి వేరేవాళ్ల బొమ్మలని అక్కకు అప్పుడే తెలిసింది.

సాయంత్రం దాకా ఆగలేక తనే వెళ్లి తాతను పిలుచుకొచ్చింది.

ఆయన కళ్లజోడు సర్దుకుని, వంగి, ఒక్కొక్కర్నీ చూశాడు. "రెండు పక్షాలకీ పెట్టారా? ఈ బూడిదరంగు వాళ్లు దేని కోసం పోరాడారో తెలుసా?" అన్నాడు. గొంతులో కోపం ఉంది.

అక్క నాన్న వైపు తిరిగింది. "మెచ్చుకునుడు కాదని చెప్పుండ్రి అంకుల్. మా ఊళ్లె ఈ రోజు కత్తయినా, కొడవలయినా కింద వెట్టి బొట్టు వెడ్తం. వెట్టినంక ఇగ దాన్ని ఎవ్వరు ముట్టరు. ఇయ్యాల కొట్లాట బంద్."

నాన్న ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాడు. తాత మళ్లీ బొమ్మల మీదికి వంగాడు. తర్వాత బూడిదరంగు వరసలోంచి తమ్ముణ్ని రెండు వేళ్లతో తీసి, అన్న పక్కన నిలబెట్టాడు.

"వాడు చేసింది తప్పే... అయినా ఒక్క పూట భోజనానికి పిలవాల్సింది" అన్నాడు. అమ్మ పెట్టిన పులిహోర మాతోపాటే కూర్చుని తిన్నాడు.

కొన్నేళ్లకు ఆయన పోయాడు. ఇల్లు ఖాళీ చేస్తూ వాళ్లమ్మాయి నాకొక చిన్న డబ్బా ఇచ్చింది. తెరిస్తే... ఒకే గుడ్డలో చుట్టిన అన్నదమ్ములు.

అన్నేళ్లయినా నుదుట బొట్లు గుండ్రంగా, ఎర్రగా ఉన్నాయి. కుంకుమ ఇన్నాళ్లు ఎలా నిలిచిందా అని గోటితో మెల్లిగా గీకి చూశాను. రాలేదు... అది కుంకుమ కాదు, రంగు. భూతద్దం పెట్టుకుని, ఆ సన్న కుంచెతో ఆయనే వాళ్లకు దిద్దాడు. ఆ డబ్బా తెరిచిన రోజు నేను ఏడ్చినంతగా ఆయన చనిపోయినప్పుడు కూడా ఏడవలేదు.

ఇప్పుడు అదే నగరంలో ఇంకో పక్క, ఎటోబికోలో ఉంటున్నాను. ఎదురు తలుపు వాళ్ల పేరు కూడా తెలియదు. ఊరు మారిన రమ్య అక్క మాత్రం ప్రతి దసరాకి వీడియో కాల్ చేస్తుంది. "అన్నదమ్ములకు బొట్టు వెట్టినవా చెల్లె?" అంటుంది. తాత పెట్టేసి వెళ్లాడు కదక్కా, అంటాను...

మీ ఎదురింటి తలుపు వెనక ఎవరుండేవారు? వాళ్లు మీ ఇంట్లో కూర్చుని తిన్న పండగ ఏదైనా గుర్తుందా... ఉంటే చెప్పండి, వినాలనుంది.