అక్క కుట్టిన ఈతబట్ట

అక్క పోయిందని బషీరాబాదు బస్సులో వచ్చిన మనిషి చెప్పాడు. చివరి రోజుల్లో ఆమె అక్కడ కూతురి దగ్గర ఉంది. నేను చేరేసరికి అంతా అయిపోయింది.

అక్క అంటే నా పెద్ద తోడికోడలు. పోలీసు యాక్షన్ అయిన కొన్నేళ్లకు తాండూరు దగ్గర ఆ ఇంటికి కోడలిగా వెళ్లాను. మా ఇంటి ఆడవాళ్లు వాకిలి దాటాలంటే ఏదో ఒక పని ఉండాలి. అక్కకు పిల్లల పక్కబట్టలు ఉతకడం. మోట ఆపి మగవాళ్లు బువ్వకు పోయిన వేళ చేనుబావికి వెళ్లేది. తోడు నేను. ఉతికాక ఈదేది.

ముగ్గురు పిల్లల తర్వాత ఒళ్లు బరువైంది. ఒకసారి చీర కాళ్లకు చుట్టుకుని మునగబోయింది. చీర తీస్తే, రవికె ఒక్కటే ఛాతీని ఆపేది కాదు. బట్టైనా మార్చాలి, ఈతైనా మానాలి.

వికారాబాదు దవాఖానకు పోయినప్పుడు డాక్టరమ్మ ఇంటి తీగమీద ఈతబట్ట ఆరేసి ఉందట. ఎవరూ లేనప్పుడు తిరగేసి చూసింది. లోపల ఛాతీ దగ్గర ఇంకో బట్ట కుట్టి ఉంది. ఇంటికొచ్చి తన పద్ధతిలో కుట్టింది. పైన నీలం లంగాబట్టతో, ముందు తెరుచుకునే తొడుగు. లోపల రెండు పొరల కోరాబట్టతో బిగుతైన రవికె. మేమెరిగింది ముడిరవికే కాబట్టి రెండు కొసలూ ఛాతీ కింద ముడి వేసుకునేలా పెట్టింది. ప్రతి కుట్టునూ గోటితో లాగి చూసేది.

"గంత బిగ్గ కడ్తివేందక్కా?" అన్నాను బావి దగ్గర.

"నీళ్లల్ల వదులైతది చెల్లె. నిలవాలె గద."

ఆ రోజు నన్ను మరిచిపోయి ఈదింది. "నీళ్లల్ల బరువుండది చెల్లె. బరువంత ఇంట్లనే" అంది.

గట్టెక్కాక ముడి విడలేదు. కోరాబట్ట నాని ఉబ్బితే ముడి బిగుస్తుందని ఇద్దరికీ తోచలేదు. గోళ్లతో, పళ్లతో లాగాను. అంతలో మోట దగ్గరికి మగవాళ్లు వస్తున్నారు. దానిమీదే చీర చుట్టుకుని ఇంటికి నడిచింది.

వాకిట్లో అత్తమ్మ. "ఏమే, ఒంట్లకెల్లి నీళ్లు కార్తున్నై?"

అత్తమ్మ అక్కను అర్రలోకి తీసుకుపోయి కొంగు తీసి చూసింది.

"కప్పకు రవికె కుట్టినవా?" అంటూ కత్తెరతో ముడి కోసింది. తర్వాత గొంతు తగ్గించింది. "నా కొడుక్కు నేనైతె చెప్ప. కని ఇగ బాయి మొకం సూడకు."

"పిల్లల బట్టలో?"

"సాకలామె ఉతుకుతది."

అత్తమ్మ రెండు మాటలూ నిలుపుకుంది.

బట్టను నానబెట్టి, ఆరాకే కత్తెర పెట్టాలని ఆ తర్వాత అక్కే నాకు నేర్పింది. ఇప్పటికీ అలాగే చేస్తాను.

ముడి బదులు హుక్కులు పెట్టి ఆ ఈతబట్టను బాగుచేసుకుంది. ఎందుకని నేను అడగలేదు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం స్నానానికని తడికె జరిపితే, అక్క అది తొడుక్కుని నాపరాతి నీళ్లతొట్టిలో వెల్లకిలా పడుకుని ఉంది. కళ్లు మూసుకుని చేతులు చాపుతోంది. చాపినప్పుడల్లా మోచేతులు రాతికి తగులుతున్నాయి. ఆమె ఆపడం లేదు.